రాయమల్లు కాక రావలసిన ఆదివారం

"మీ నాయిన్ను అడుగు, ఇంకింత పప్పు ఏసుకుంటడా అని" అంది రాజకుమారి.

మొగిలి ఆమెకు మూరెడు దూరంలోనే కంచం ముందు కూర్చున్నాడు. పప్పు గరిటె ఆమె చేతిలోనే ఉంది. మధ్యన రాయబారం నడుపుతున్నది పన్నెండేళ్ల కూతురు జమున.

"నాయినా, పప్పు ఏసుకుంటవా?"

"వద్దు బిడ్డా."

"వద్దంటున్నడే అమ్మా."

"ఇనబడ్డది. నాకేం చెవుడు లేదు."

గురువారం సాయంత్రం నుంచి ఆ కంపెనీ క్వార్టర్లో కాపురం ఇలాగే సాగుతోంది. ఈ రోజు శనివారం. ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మొగుడికి వేడినీళ్లు తోడటం మానలేదు, అన్నం పెట్టటం మానలేదు. మాట మాత్రం మానేసింది. మొగిలి అసలే పొదుపుగా మాట్లాడే మనిషి. ఇక ఆమె కూడా నోరు కట్టేసుకునేసరికి, పక్క క్వార్టర్ వాళ్లు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగిపోయారు.

ముందు గదిలో గోడవారగా పుస్తకాల కట్టలున్నాయి. కరీంనగర్ ప్రెస్సు నుంచి బుధవారం వచ్చాయి. ఐదువందల కాపీలు, ముప్ఫైరెండు పేజీలు, రంగుల అట్ట. అట్ట మీద ఎర్ర తువ్వాల మెడలో వేసుకుని, లైటు టోపీ పెట్టుకుని, ముందు పన్ను ఒకటి ఊడిన మనిషి పకపకా నవ్వుతున్నాడు. పైన 'రాయమల్లు కాక ముచ్చట్లు' అని పేరు. కింద రచన రాజకుమారి, బొమ్మలు చంద్రమతి. ఈ పుస్తకానికి వేరే ప్రచురణకర్త లేడు. రాసుకున్నదీ, అచ్చుతప్పులు దిద్దుకున్నదీ, ప్రెస్సుకు ఆరుసార్లు బస్సెక్కి తిరిగిందీ అంతా రాజకుమారే. బుధవారం నాడు ఆ కట్టల మధ్య కూర్చుని, పసిబిడ్డ తల వాసన చూసినట్టు, పుస్తకం వాసన చూసింది. గురువారానికి ఆ సంబరం కాస్తా గంగలో కలిసింది.

కలిపినవాడు పాపం చెడ్డవాడేమీ కాదు. బొమ్మలు వేసిన చంద్రమతి భర్త శ్రీనివాసరావు, మొగిలి పనిచేసే బొగ్గుబాయిలోనే ఇంజనీరు. భార్య బొమ్మలు చూసి మురిసిపోయి, పుస్తకం చివరిదాకా తిరగేసి, ఎదురుగా కూర్చున్న రాజకుమారితో మామూలుగా అన్నాడు.

"చాలా బాగుందమ్మా. కానీ ఈ రాయమల్లు ఎవరు? ఆ అట్టడుగు పంపు మీద మొదట్నుంచీ మొగిలి ఒక్కడే కదా డ్యూటీ?"

అంతే. ఆ ఒక్క ముక్కతో పన్నెండేళ్లుగా ఉన్న రాయమల్లు లేకుండా పోయాడు.

రాయమల్లు అంటే ఆ ఇంటికి ఎవరో కాదు. బాయి అడుగున ఊరే నీళ్లు తోడే పంపు దగ్గర మొగిలితో పాటు ఎనిమిది గంటలూ కూర్చునే జోడీ. ఇంటికి ఎప్పుడూ రాడు. షిఫ్టు దిగగానే బస్సెక్కి ఎక్కడో మారుమూల ఊరికి పోతాడు. మొగిలి డ్యూటీ నుంచి రాగానే రాజకుమారి అడిగే మొదటి ప్రశ్న "ఇయ్యాల ఏమన్నడు రాయమల్లన్న?" అని. మొగిలి ముఖం తుడుచుకుంటూ చెప్పేవాడు. టిఫిన్ విప్పగానే వచ్చే ఎలుకకు రాయమల్లు, షిఫ్టు మీద పెత్తనం చేసే పెద్దమనిషిలాగా, 'ఓవర్‌మన్' అని పేరు పెట్టాడట. ఎందుకంటే అది కూడా షిఫ్టుకు ఒక్కసారి వచ్చి, అన్నీ వాసన చూసి, ఏ పనీ చెయ్యకుండా పోతుందట. ఇద్దరి టోపీ లైట్లూ ఆర్పించి, 'ఇప్పుడు చెప్పు తమ్మీ, మనిద్దర్ల ఎవడు నల్లగున్నడు?' అన్నాడట. పంపు పొద్దంతా తాగుతుంది, పొద్దంతా కక్కుతుంది, అచ్చం మా బామ్మర్ది లెక్కనే అన్నాడట. ఈ చివరిది పిల్లల పుస్తకంలో పెట్టలేదనుకోండి. రాజకుమారి కడుపు పట్టుకుని నవ్వేది. ఇంటరు దాకా చదివిన చెయ్యి ఊరుకోక, ఆ ముచ్చట్లన్నీ జమున పాత నోటుబుక్కుల వెనక పేజీల్లో రాసిపెట్టేది. ఒక్క మాట సొంతంగా కలపలేదు. అదే ఆమె గర్వం. లేడీస్ క్లబ్బులో బొమ్మలు నేర్పే చంద్రమతి కంట ఆ నోటుబుక్కులు పడ్డాకే ఈ పుస్తకం పుట్టింది.

అసలు ముప్పు ముప్ఫైరెండో పేజీలో ఉంది. ప్రెస్సాయన లెక్క ప్రకారం పదహారు పేజీలకు ఒక ఫారం. రెండు ఫారాలు కట్టేసరికి కథలు ముప్ఫైయొకటో పేజీతో అయిపోయాయి. "ఆఖరి పేజీ తెల్లగ వదిలితె మంచిగుండదమ్మా, ఏమన్న నాలుగు మాటలు రాసియ్యిండ్రి" అన్నాడాయన. రాయమల్లన్న తన మాట తీసెయ్యడన్న ధీమాతో రాజకుమారి మిషను పక్కన నిలబడే రాసిచ్చింది. 'పిల్లలూ! రాయమల్లు కాక కథలో మనిషి కాదు. నిజంగా ఉన్నాడు. ఈ పుస్తకం మీ చేతికి వచ్చే రోజున మీ బడికి కూడా వస్తాడు. మీరు అడిగినవన్నీ చెప్తాడు.'

కాలనీ బడిలో ఆవిష్కరణ రేపే. ఆదివారం పొద్దున పది గంటలకు. రెండువందల మంది పిల్లలు ఆ కాకను ఏమేం అడగాలో చీటీలు రాసుకుని కూర్చున్నారు.

మొగిలి చెయ్యి కడుక్కుని వచ్చాడు. పుస్తకాల కట్ట ఒకదాన్ని పీటగా చేసుకుని కూర్చున్న లస్మవ్వ ఇక ఊరుకోలేకపోయింది. ఆమె మొగిలికి తల్లి, రాజకుమారికి సొంత మేనత్త. అందుకే ఎవరి పక్షం పట్టాలో రెండురోజులుగా తేల్చుకోలేకపోతోంది.

"ఇగ చాలుతీయె కోడలా. ఉన్నోనితోని మాట్లాడవు. లేనోని కోసం ఏడుస్తవు. ఇదేం చోద్యమె?"

"లేనోడైతె పన్నెండేండ్లు నేను కట్టిచ్చిన తిండి ఎవడు తిన్నడు అత్తమ్మా? అడుగు నీ కొడుకును."

"నేనే తిన్న" అన్నాడు మొగిలి.

రాజకుమారి ఇక రాయబారాలు పక్కనపెట్టి నేరుగా మొగుడి వైపు తిరిగింది.

"ఇద్దరిదా?"

"ఆకలైతుండె."

"రాయమల్లన్నకు కడుపుల మంటంటె తొక్కుల కారం తగ్గిస్తి. కూరల తగ్గిస్తి. ఇంటిల్లిపాది సప్పిడి కూడు తిన్నం!"

"ఆ మంట నాదే. నీకు చెప్తె దవాఖానకు నడువు అంటవని ఆయనకు పెట్టిన."

లస్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే అని అందరికీ తెలుస్తూనే ఉంది. రాజకుమారికి మాత్రం నవ్వు రాలేదు.

"నాకు తోడబుట్టినోళ్లు లేరని నీకెర్కే కద బావా. ఏటేట రాఖీ పున్నానికి రాఖీ ఇచ్చి పంపితి. అన్నకు కట్టు అని చెప్పి పంపితి. వాటినేం జేసినవ్? మోరీల పారేసినవా?"

"పంపు పైపుకు కట్టిన."

"ఎన్ని?"

"పన్నెండు. ఒక్కటి గూడ తియ్యలె. తడికి రంగులు పోయినయి గని, అన్ని ఉన్నయి."

చౌరస్తాలో ప్రత్యేక తెలంగాణ కోసం వేసిన దీక్ష టెంటు దగ్గర మైకు ఎవరినో వేదిక మీదికి పిలుస్తోంది. ఆ పిలుపు అయిపోయేదాకా గదిలో ఎవరూ కదల్లేదు.

"మరి రాఖీ కట్టినందుకు అన్న పంపిండని రవికె గుడ్డలు తెస్తివి కద. అవి?"

మొగిలి గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"అన్న పెండ్లాం సారక్క ఏరింది అంటివి. మా సారక్క వదినెకు రంగులు తెలిసినట్టు ఎవ్వరికి తెల్వదని నేను ఈ వాడకట్టంత చెప్పుకున్న. ఆమె గూడ లేదా?"

"లేదు."

"మరి ఎవరేరిండ్రు?"

"బస్టాండు కాడి దుకాణంల... నేనే."

ఇంతకాలం తన మొగుడికి ఎరుపుకూ గులాబీకీ తేడా తెలియదని రాజకుమారి నమ్మకం. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన చేత్తో ఒక్క చీర కొని తేలేదని చుట్టాల ముందు కూడా దెప్పింది. ఇప్పుడు ఆ పన్నెండు గుడ్డలూ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. ప్రతిదీ తన దగ్గరున్న ఏదో ఒక చీరకు అతికినట్టు సరిపోయింది. సరిపోతుంది మరి. ఆ చీరలు రోజూ చూసే మనిషే కదా తెచ్చింది. కోపం రావలసిన చోట ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చినందుకు కోపం వచ్చింది.

"నాకు అయిదో తరగతిలనే తెలుసు" అంది జమున, ఎవరూ అడక్కుండానే.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"రాయమల్లు పెదనాయిన బిడ్డకు నేను రెండో తరగతిల ఉన్నప్పుడు ఆరేండ్లు. నేను అయిదుకొచ్చినా ఆరేండ్లే. ఇప్పుడు ఏడుకొచ్చిన, ఆమెకింక ఆరే. ఎన్నేండ్లకు గూడ బడికి పోదు."

మొగిలి నాలుక కరుచుకున్నాడు. అంత పకడ్బందీగా నడిపిన రాయమల్లు కాపురంలో ఆ పిల్ల వయసు పెంచడం మర్చిపోయాడు.

"తెలిస్తె నాకెందుకు చెప్పలేవె?" అంది రాజకుమారి.

"నువ్వు నవ్వుతుంటివి కదనే."

రాజకుమారి లేచి వెనక వాకిట్లోకి వెళ్లిపోయింది.

అక్కడ బట్టలు ఆరేసిన తీగ కింద నిలబడి, తనకు ఇంత బాధ ఎందుకో తనే వెతుక్కుంది. మోసపోయినందుకా? కాదు. కల్లు తాగి అబద్ధాలాడే మొగుళ్లు చుట్టుపక్కల బోలెడుమంది. ఈయన చుక్క ముట్టడు. అసలు బాధ వేరే. రాయమల్లు అనే మనిషంటే తనకు ప్రాణం. చూడకపోయినా సొంత అన్న. దసరాకు ఎట్లున్నాడో, వాన పడితే ఆ ఊరి బస్సు దొరికిందో లేదో అని పన్నెండేళ్లు ఫికరు చేసింది. ఆ మనిషి పోతే కనీసం నలుగురిలో ఏడవొచ్చు. పుట్టనే లేదంటే ఎవరి ముందు ఏడవాలి?

వెనకాల చెప్పుల చప్పుడైంది. మొగిలి వచ్చి, తీగ మీది తడి తువ్వాల ఒకటి అనవసరంగా సర్దాడు.

"జమున నీ కడుపుల ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి ఆగాడు. ఆమె వెళ్లిపోలేదని చూసి మళ్లీ అందుకున్నాడు. "ఏడో నెల. నన్ను ఆ పంపు మీదికేసిండ్రు. ఇంటికి రాంగనె అడిగితివి. ఆడ ఒక్కనివే ఉంటవా, ఎవరన్న తోడున్నరా అని. నీ మొకం జూస్తె ఒక్కన్నే అని నోరు రాలె. ఉన్నడన్న. పేరేంది అంటివి. రాయమల్లు అని చెప్పిన."

"ఆ పేరెట్ల వచ్చింది?"

"నోటికొచ్చింది. తెల్లారి నువ్వు మామిడి తొక్కు కట్టిచ్చినవ్. మాపటికి అడిగినవ్, బాగుందన్నడా అని. తినె మనిషైనంక మాట్లాడక ఎట్లుంటడు? నాలుగు రోజులు జూసి, ఆయన్ని వేరే బాయికి బదిలీ చేపిద్దామనుకున్న. నువ్వు రేపు ఆయనకు సర్వపిండి చేస్తనంటివి."

"అంటె తప్పు నాదే అంటవ్."

"కాదు. సర్వపిండి మంచిగ చేస్తవని."

రాజకుమారి పెదవి బిగబట్టింది. ఇలాంటి మాటలు ఈయన నోట ఎప్పుడూ వినలేదు. విన్నది రాయమల్లు నోట. ఆ ఆలోచన రాగానే ఆమె నిలువునా ఆగిపోయింది.

"బావా. ఓవర్‌మన్ ఎలుక ముచ్చట ఎవరిది?"

మొగిలి తడి తువ్వాల కొసను వేళ్ల మధ్య నలపసాగాడు.

"లైట్లు ఆర్పి ఎవరు నల్లగున్నరన్నది? ప్రెస్సాయన ఒక కథ తక్కువైంది అంటె, అన్నను అడిగి తెమ్మంటి. తెల్లారె తెస్తివి. అది?"

"ఆడ కూసుంటె వస్తయి రాజీ. పంపు సప్పుడుల ఒకదాని ఎనక ఒకటి వస్తయి. ఇంటికాడ నేను చెప్తె ఎందుకో నోరు తడబడతది. ఆయనన్నడు అంటె మాత్రం మంచిగ వస్తయి."

పన్నెండేళ్లు తను కడుపుబ్బ నవ్వింది ఈయన మాటలకే. ఆ నవ్వు చూడటానికే ఈయన ముఖం తుడుచుకుంటూ అంత ఆలస్యం చేసేవాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద అంత ప్రేమ ఒక్కసారిగా పొంగుకొచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక, "ఆ తువ్వాలనెందుకు నలుపుతున్నవ్, ఇటియ్యి" అని కసిరింది.

సరిగ్గా అప్పుడే ముందు వాకిట్లో స్కూటీ ఆగింది. వచ్చింది చంద్రమతి. గుంటూరు నుంచి భర్త ఉద్యోగంతో పాటు ఈ కాలనీకి వచ్చి తొమ్మిదేళ్లయింది. గురువారం సాయంత్రం ఏం జరిగిందో కళ్లారా చూసిన మనిషి కాబట్టి ముఖం చిన్నబుచ్చుకునే వచ్చింది.

"చౌరస్తాల దారి ఇచ్చిండ్రా మేడం? టెంటు రోడ్డు మీదికొచ్చిందట" అంది రాజకుమారి, కళ్లు తుడుచుకుని ఎదురెళ్లి.

"ఇచ్చారు. బండిలో పుస్తకం చూసి టెంటులో ఒకాయన మా మనవరాలికి కావాలన్నాడు. రేపు బడికి రమ్మన్నాను. అన్నాక గుర్తొచ్చింది, రేపు ఆవిష్కరణ అసలు ఉందో లేదో అని." చంద్రమతి కూర్చుంది. "మా ఆయన రెండురోజులుగా నన్ను తినేస్తున్నారు, నోరు జారానని. నిన్ను క్షమించమని అడగమన్నారు రాజకుమారీ."

"సారు తప్పేముంది మేడం. ఉన్నమాటన్నరు."

"ఇప్పుడేం చేద్దాం మరి?"

"చేసేదేముంది" అంది లస్మవ్వ తన కట్ట మీది నుంచి. "ఆ రాయమల్లు సచ్చిపోయిండని చెప్పుండ్రి. ఒడిసిపోతది."

"అవ్వా!" అన్నాడు మొగిలి.

"అత్తమ్మా!" అంది రాజకుమారి.

రెండు కేకలూ ఒక్కసారే పడ్డాయి. లస్మవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మంచిదే. మొగడు పెండ్లాలు రెండు రోజుల సంది ఇప్పుడే ఒక్క మాట మీదికొచ్చిండ్రు" అంది.

చంద్రమతికి నవ్వాగలేదు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నాకొకటి తోస్తోంది. బొమ్మలేసేటప్పుడు మొగిలిగారు మూడు ఆదివారాలు మా ఇంటికొచ్చి, రాయమల్లు ఎలా ఉంటాడో చెప్పారు కదా. పన్ను ఏ పక్కన ఊడింది, నవ్వితే కన్ను ఎలా మూస్తాడు, ఎలా నడుస్తాడు... లేచి నడిచి చూపించారు కూడా. మా పనమ్మాయి కూడా వచ్చి కూర్చునేది వినడానికి. అంత మాటకారి మనిషిని నేను చూడలేదు."

"మా ఆయనా?" అంది రాజకుమారి.

"మీ ఆయనే. అందుకే అంటున్నా. రేపు రాయమల్లుగా ఆయనే రావాలి. మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుని పిల్లల ముందు నిలబడితే చాలు. పుస్తకంలో రాసింది అబద్ధం ఎందుకవుతుంది? రాయమల్లు ఉన్నాడు. ఇదిగో, ఈయనే."

రాజకుమారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎంత తేలిక దారి! ముప్ఫైరెండో పేజీ నిలబడుతుంది. పిల్లలకిచ్చిన మాట నిలబడుతుంది. అన్నిటికీ మించి, తన మొగుడు ఎలాంటివాడో ఊరంతా చూస్తుంది. ఆమె ఆశగా మొగిలి వైపు తిరిగింది.

"మేడం, చాయ తాగుండ్రి" అన్నాడు మొగిలి. కట్ట మీదున్న పుస్తకం అట్ట వైపు చూస్తూ ఇంకేమీ అనలేదు.

చంద్రమతి చాయ తాగి, "మౌనం అంగీకారమే కదా" అనుకుని, రేపు తొమ్మిదింటికల్లా వస్తానని చెప్పి వెళ్లిపోయింది. రాజకుమారి పెట్టె తెరిచి ఎర్ర తువ్వాల కోసం వెతకడం మొదలుపెట్టింది.

"నేను రాను రాజీ."

ఆమె చేతులు ఆగిపోయాయి. మొగిలి ఇంతవరకూ ఆమె అన్నదానికి కాదు అని ఎరుగడు. ఇల్లు మార్చుదామంటే సరే. పుస్తకం వేస్తానంటే సరే.

"ఎందుకు? నలుగురి ముంగట సిగ్గా? నేను పక్కనుంట."

"సిగ్గు గాదు."

"మరి? ఒక్క గంట బావా. పిల్లలే కద. నాకోసం."

మొగిలి వచ్చి పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంత పొడుగు మాట అతను తన పేరు మీద మాట్లాడటం రాజకుమారి అంతకుముందు వినలేదు.

"ఒక్కసారి అందరి ముంగట నేనే రాయమల్లునంటె, ఇగ రాయమల్లు ఉండడు. నేనే ఉంట. ఇన్ని రోజులు నీకోసం చెప్తున్న అనుకున్న. అది గాదని నిన్న తెలిసింది. గురువారం సంది నువ్వు మాట్లాడుతలేవు. నిన్న ఆడికి పోయి కూసున్న. పంపు సప్పుడైతె ఉన్నది. ఆయన మాట్లాడలె. ఎంతసేపు జూసినా ఒక్క ముచ్చట రాలె. పక్కకు మల్లి జూసిన. ఎవ్వరు లేరు. పన్నెండేండ్ల కాడికెల్లి అదే జాగల కూసుంటున్న గద, నిన్న మొదటిసారి ఒక్కన్నే అని బుగులైంది."

రాజకుమారి చేతిలోని బట్టలు పెట్టెలోకి జారిపోయాయి.

"నీకు అన్న లేకపోతె జమునున్నది, అవ్వున్నది, వాడకట్టున్నది" అన్నాడు మొగిలి. "నాకింక పదిహేడేండ్ల సర్వీసున్నది. సోమారం పొద్దుగాల మల్ల లైటు పెట్టుకుని ఆడికే దిగాలె. ఆయన్ని రేపు ఆ బడిల వదిలిపెట్టి వస్తె, నాకు సోపతి ఎవరుంటరు?"

రాజకుమారి పెట్టె మూత దించింది. పన్నెండేళ్లుగా రోజూ ఆ మనిషిని డ్యూటీకి పంపుతూ, ఆయన ఒక్కడు కాడన్న ధైర్యంతో తను నిశ్చింతగా నిద్రపోయింది. ఆ ధైర్యం ఆయన తనకు ఇచ్చాడు. ఆయనకు ఎవరిచ్చారో తను ఎన్నడూ అడగలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు.

పుస్తకాల కట్ట మీది సెల్‌ఫోను మోగింది. జమున తెచ్చి ఇచ్చింది. బడి హెడ్‌మిస్ట్రెస్ అనసూర్య.

"రాజకుమారీ, అంత తయారేనా? దండ తెప్పించినం. పిల్లలు పొద్దటి నుంచి పానం తీస్తున్నరు. ఒక్క మాట రూఢి చేసుకుందామని. రాయమల్లుగారు వస్తున్నట్టే కద?"

రాజకుమారి మొగుడి వైపు చూసింది. మొగిలి తల వంచుకుని నేల చూస్తున్నాడు. వస్తాడు అంటే ఈయన వస్తాడు. తన మాట కాదనలేక వస్తాడు. అది ఆమెకు బాగా తెలుసు. ముందు గదిలో ఐదువందల పుస్తకాలు, ప్రతి దాని చివర తన మాట.

"రాడు మేడం" అంది.

"అయ్యో! అదేంది?"

"డ్యూటీల ఉన్నడు. సెలవు గావాలంటె ఇయ్యలేదంట. ఆదివారమైనా పంపు ఆగొద్దు గద మేడం. ఆగితె బాయిలకు నీళ్లొస్తయి."

మొగిలి తలెత్తాడు. రాయమల్లు గురించి రాజకుమారి తన సొంతంగా కల్పించిన మొదటి మాట అదే. చెప్తుంటే గొంతు కొంచెం కూడా తడబడలేదు.

"మరి పిల్లలకేం చెప్పాలమ్మా? ఆఖరి పేజీల వస్తడని అచ్చేసినవ్ గద! రెండువందల మంది..."

"నేనొచ్చి చెప్త."

"ఏమని?"

స్టేజీ ఎక్కి నాలుగు మాటలు మాట్లాడిన అలవాటు రాజకుమారికి లేదు. ఏం చెప్పాలో కూడా ఆ క్షణాన ఆమెకు తెలియదు. మొగిలి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. రాయమల్లును ఏం చేస్తుందో అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఫోనులో అవతల మేడం ఇంకా జవాబు కోసం ఆగి ఉంది.